చివరి స్టాపులో దిగాక

కండక్టర్ తాత పోయారు. మూడు వారాలైంది. సోమాజిగూడలో మా ఆఫీసు క్యాంటీన్‌లో డబ్బా మూత తీస్తుండగా నానమ్మ ఫోన్ చేశారు. "తాత పోయిండు బిడ్డ. పొద్దుగాల చాయ్ తాగిండు, పేపర్ చదివి మడిచి పెట్టిండు, కుర్చీల కూసున్నట్టె పోయిండు," అన్నారు. ఆవిడ గొంతులో ఏడుపు కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. నేను డబ్బా అక్కడే వదిలేసి కిందికి పరిగెత్తి, ఎదురుగా ఏ బస్సొస్తే అది ఎక్కేశాను. అప్పటిదాకా ఏడుపు రాలేదు. పంజాగుట్ట చౌరస్తాలో బస్సు ఒక పక్కకు ఒరిగింది చూడండి, అక్కడ వచ్చింది. పక్క సీటావిడ పాపం నీళ్ల సీసా ఇచ్చింది.

నిజానికి ఆయన నాకు తాతా కాదు, ఆవిడ నానమ్మా కాదు. అమీర్‌పేటలో నేనున్న లేడీస్ హాస్టల్ బిల్డింగులో, కింద చిన్న పోర్షనులో అద్దెకుండేవారు వాళ్లిద్దరూ. ఆయన సిటీ బస్సు కండక్టరుగా ముప్పై ఏళ్లు పైనే చేసి రిటైరయ్యారు. అందుకని హాస్టల్ ఆడపిల్లలందరికీ ఆయన కండక్టర్ తాత. నేను గోదావరి జిల్లాదాన్ని కాబట్టి అలవాటు కొద్దీ "తాతగారూ" అనేదాన్ని. "గారు ఎందుకు బిడ్డ, నేనేమన్న కలెక్టర్నా? తాత అను, సాలు," అనేవారు. రెండేళ్లూ ఆయన ఆ మాట అంటూనే ఉన్నారు, నేను గారు తగిలిస్తూనే ఉన్నాను.

రెండేళ్ల కిందటి ఎండాకాలం, డిగ్రీ పరీక్షలు కాగానే, కంప్యూటర్ కోర్సు చేద్దామని రాజమండ్రి నుంచి వచ్చాను. అమీర్‌పేట సంగతి మీకు తెలిసిందే. గోడ కనపడకుండా కోర్సుల పోస్టర్లు, మెట్లమీద కూడా నిలబడి పాఠాలు రాసుకునే పిల్లలు. నా గదిలో నాలుగు మంచాలు. మంచాల మధ్య పక్కకు తిరిగితే మోకాలికి దెబ్బ తగలాల్సిందే. హాస్టల్, క్లాసు, మళ్లీ హాస్టల్. హైదరాబాద్ వచ్చానన్నమాటే గానీ రెండు సందులు తప్ప మూడోది చూడలేదు. పన్నెండో రోజున బ్యాగు సర్దేసి, ఇంటికెళ్లిపోదామని కిందికి దిగి, మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాను.

తాత గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన నిలబడే తీరు వేరుగా ఉండేది. కాళ్లు ఎడంగా పెట్టి, ఒక చేత్తో గేటు ఊచ పట్టుకుని, నేల కదులుతుందేమో అన్నట్టు నిలబడేవారు. ఆపరేషనైన మోకాలితో కూడా అంతే.

"ఊరికి పోతున్నవా?" అన్నారు.

"అవునండీ. నాకీ ఊరు నచ్చలేదు."

"ఏ ఊరు?"

"హైదరాబాదండీ."

"ఎప్పుడు జూసినవ్?"

నేను చున్నీతో మొహం తుడుచుకున్నాను. ఆయన లోపలికెళ్లి, క్యాలెండరు నుంచి చింపిన తారీఖు కాగితం వెనకాల ఒక బస్సు నంబరు రాసుకొచ్చారు. దాన్ని నిలువుగా సన్నగా మడిచి, రెండు వేళ్ల మధ్య ఇరికించుకుని నా ముందుకు చాపారు. కండక్టర్లు నోట్లు పట్టుకుంటారే, అలాగ. "పోతే పో. గని ఈ బస్సెక్కి పోయినంక పో. చివరి స్టాప్ దాంక కూసో. దిగు. ఒక చాయ్ తాగు. అదే బస్సుల మల్లొచ్చి, ఏం జూసినవో నాకు చెప్పు."

ఎక్కడికెళుతుందో చెప్పలేదు. అడిగితే, "తెలిస్తే ఎక్కవు," అన్నారు.

అది గోల్కొండకెళ్లింది. కోట కంటే ముందు నాకు గుర్తున్నది, కోట గోడ నీడలో సైకిల్ రిపేరు చేసుకుంటూ నన్ను చూసి "కిధర్ జానా హై బేటా?" అని నేనెటు పోవాలో అడిగిన ముసలాయన. సాయంత్రం వచ్చి అదంతా చెప్పాను. బ్యాగు పైకి ఎప్పుడు మోసుకెళ్లానో నాకే తెలీదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఒక చీటీ. ఆ నంబర్లు ఇక్కడ రాయను, కొన్ని బస్సులు ఇప్పుడు లేవు కూడా. జూ పార్కు చూశాను, పటాన్‌చెరు చూశాను, కీసరగుట్ట ఎక్కి కోతికి నా అరటిపండ్లు సమర్పించుకున్నాను, శామీర్‌పేట చెరువు గట్టున మక్కజొన్న పొత్తులు తిన్నాను. మా రూమ్మేట్ ఒకసారి అనంతగిరి కొండలకు లాక్కెళ్లింది. వికారాబాద్ దాకా రైలని చెప్పగానే తాత మొహం చిన్నబోయింది. "రైలెక్కి పోయినవా?" అన్నారు, నేనేదో పరాయి పార్టీలో చేరినట్టు. మెట్రో అయితే అసలు లెక్కలోకే రాదు. "అది ఊరు మీదికెల్లి పోతది బిడ్డ. దాంట్లకెల్లి జూస్తే ఊరు కనవడది, నీళ్ల ట్యాంకులు కనవడ్తయి," అనేవారు.

ఇంకో తమాషా. ఇక్కడ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, కానీ నా ఆధార్ కార్డులో రాజమండ్రి అడ్రసు. బస్సంతా జీరో టికెట్లు, నాకొక్కదానికే అసలు టికెట్. ఆ సంగతి విని ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "ఇగ నువ్వొక్కదానివే నా అసలు ప్యాసింజర్వి!"

నేను తిరిగి వచ్చేసరికి గేటు పక్కన రెండో కుర్చీ వేసి ఉండేది. ఆయన అడిగే ప్రశ్నలు ఎవరూ అడగనివి. చివరి స్టాపులో వేపచెట్టు ఇంకా ఉందా? చాయ్ కొట్టు ముసలామె బతికుందా? స్టాపు దాటినంక ఏమున్నది? ఈ చివరి ప్రశ్న ప్రతిసారీ అడిగేవారు. ఎందుకో చాన్నాళ్లకు గానీ అర్థం కాలేదు నాకు. రోజుకు నాలుగు సార్లు ఆ స్టాపులకు పోయొచ్చిన మనిషి, స్టాపు దాటి పది అడుగులు వేయలేదు. బస్సు తిప్పుకునే టైమే ఉండేది. డ్రైవరూ ఆయనా చాయ్ తాగి, ఒకటికి పోయొచ్చేలోపు బయల్దేరాలి. "సెలవు దినాన పోవచ్చు కదండీ?" అన్నాను. "సెలవు నాడు సుత బస్సెక్కుమంటవా?" అన్నారు. దారైనా చూశారా అంటే అదీ లేదట. జనం మధ్య నిలబడేవాడికి కిటికీ ఎక్కడ కనపడుతుంది? ఊరంతా ఆయనకు కాళ్లతోనే తెలుసు. "పంజాగుట్ట చౌరస్తాల బస్సు ఒరుగుతది. గా ఒరుగుడుకే నేను స్టాప్ పేరు ఒర్రుతుంటి," అన్నారు. ఇప్పుడు మోకాలి వల్ల బస్సు మెట్టు ఎక్కలేరు. అంటే ఆ ఎండాకాలం ఆయన ఊరు చూడ్డం మొదలుపెట్టింది నా కళ్లతో. ఆ సంగతి తెలిసుండీ నేనొక తప్పు చేశాను. అది రాయకపోతే ఈ నాలుగు మాటలూ రాసి లాభం లేదు.

మే నెల నడిమధ్య ఆదివారం. చీటీ మీద రెండు నంబర్లున్నాయి, మెహదీపట్నంలో బస్సు మారాలి. ఎండ మాడ్చేస్తోంది. రూమ్మేటు "ఈ ఎండలో ఏం పోతావే" అంది. నేనూ ఎదురు చెప్పలేదు. ఇద్దరం పంజాగుట్టలో ఒక మాల్‌కెళ్లి, ఏమీ కొనకుండా, సాయంత్రం దాకా ఏసీలో కూర్చున్నాం. ఆ నంబరు ఎక్కడికెళుతుందో ఫోన్‌లో చూసుకున్నాను. గండిపేట. చెరువు ఫొటోలు నాలుగు చూశాను.

గేటు పక్కన రెండో కుర్చీ వేసుంది. కూర్చుని మొదలుపెట్టాను. "బస్సు దిగగానే ఎదురుగా నీళ్లే తాతగారూ! అవతలి ఒడ్డు కనపడదు. ఒకటే గాలి. కొంగలు బారులు బారులుగా లేస్తున్నాయి."

ఏ ఆదివారమూ విననంత శ్రద్ధగా విన్నారు. గుమ్మంలో నానమ్మ కూడా చేటలో బియ్యం అలాగే వదిలేసి విన్నారు.

"దిగంగనేనా?" అన్నారు తాత.

"దిగగానే."

"మంచిది బిడ్డ. పోయి అన్నం తిను."

తర్వాతి ఆదివారం చీటీ విప్పితే అవే రెండు నంబర్లు. "ఇక్కడికి వెళ్లొచ్చాను కదండీ," అన్నాను. "ఇంకోపారి పో," అన్నారు, ఊచ పట్టుకుని వీధిలోకి చూస్తూ.

వెళ్లాను. చివరి స్టాపులో దిగి చూస్తే నీళ్లు లేవు. ఎదురుగా ఎత్తైన కట్ట. కట్ట మీద ఆకాశం. అంతే. ఎంత మెడ సాచినా నీళ్లన్నవి కనపడవు. చాయ్ కొట్టతన్ని అడిగితే, "కట్ట ఎక్కాలె మేడం," అన్నాడు. ఎండలో నిలబడిపోయాను. తాత కొన్నేళ్లపాటు రోజూ ఇక్కడే దిగారు, ఇదే కట్ట చూస్తూ చాయ్ తాగారు, ఊరంతా తాగే నీళ్లను ఒక్కసారీ చూడకుండా తిరిగెళ్లారు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

కట్ట ఎక్కాను. ఫొటోల్లో ఉన్నట్టు లేదు. ఎండాకాలం కదా, నీళ్లు లోపలికి తగ్గి, ఒడ్డంతా బీటలు వారిన మట్టి. ఎవరిదో చెప్పొకటి ఆ మట్టిలో ఎండిపోయి ఉంది. కొంగలు బారులుగా లేవలేదు, మూడే ఉన్నాయి. గాలి మాత్రం ఉంది. దాని వాసన చల్లగా, నాచుగా ఉంది. మర్చిపోకూడదని అన్నీ లెక్కపెట్టినట్టు చూశాను.

తిరిగొచ్చి, కుర్చీలో కూర్చోకుండానే చెప్పేశాను. పోయిన వారం వెళ్లలేదని, అబద్ధం చెప్పానని, మాల్‌లో కూర్చున్నానని. ఆయన మోకాలు నిమురుకుంటూ విన్నారు.

"తెల్సు," అన్నారు. "దిగంగనే నీళ్లు కనవడితే, గన్నేండ్లు నేను చూడకుండ ఉంటుంటినా?"

"మరి అప్పుడే అడగొచ్చు కదండీ? టికెట్టు చూపించమంటే దొరికిపోయేదాన్ని."

"నేను కండక్టర్నే గని చెకింగోణ్ని కాను బిడ్డ." నవ్వారు. "నువ్వు చెప్పిన నీళ్లు వారమంత నా కండ్ల ముందట్నె ఉన్నయి. అబద్ధమని తెల్సు. గని మంచిగ చెప్పినవ్."

తిట్టినా బాగుండేది. అక్కడే నిలబడి భోరుమన్నాను. నానమ్మ బయటికొచ్చి, "పొల్లను ఎందుకు ఏడిపిస్తున్నవ్?" అని ఆయన్నే కసురుకున్నారు. అప్పుడే నిర్ణయించుకున్నాను, ఈయన్ని నేనే తీసుకెళ్లి చూపించాలని.

ఆయన ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. "మెట్టెక్కేటప్పుడు నలుగురు చూస్తరు," అన్నది ఆయన బాధ. తొలకరి పడ్డాక, మబ్బు పట్టిన ఒక ఆదివారం, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని గేటు దగ్గర తయారుగా ఉన్నారు. నానమ్మ సర్వపిండి కాల్చి డబ్బాలో పెట్టుకుని తనూ మాతో బయల్దేరారు. బస్సు మెట్టు దగ్గర నేను కింద నుంచి, కండక్టరమ్మాయి పై నుంచి పట్టుకున్నాం. తమ సీనియరని తెలియగానే ఆ పిల్ల తన సీటు ఖాళీ చేసింది. "వద్దమ్మా, అది నీది. నాకు కిటికి కాడ కావాలె," అన్నారు.

మెహదీపట్నం దాకా, మళ్లీ అక్కడి నుంచి గండిపేట దాకా, కిటికీ ఊచకు గడ్డం ఆనించి కూర్చున్నారు. దారిలో బోర్డులన్నీ కళ్లతోనే చదువుకుంటున్నారు. ఎవరో స్టాపులో దిగడం ఆలస్యమైనప్పుడు మాత్రం, "జర జల్ది దిగుండ్రి," అని గట్టిగా అనేసి, తనే నాలుక కరుచుకున్నారు. బస్సులో వాళ్లందరూ నవ్వారు.

జులైలో కోర్సు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, నేను సోమాజిగూడలో గది తీసుకున్నాను. ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను, కొన్ని మానేశాను కూడా. మానేసినవాటికి వంకలు చెప్పాను గానీ, చూడనిది చూశానని మాత్రం మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. తెలియని ఊళ్లో దిగితే ఇప్పటికీ నేను స్టాపు దాటి కొంతదూరం నడిచి చూస్తాను. నాకీ ఊరు తెలిసిందన్నా, నచ్చిందన్నా, నేనిక్కడ మిగిలానన్నా, ఆయన వల్లే.

పదకొండో రోజు భోజనాలప్పుడు నానమ్మ నా పక్కన కూర్చుని, "గండిపేట ముచ్చట నాకే పదిమార్లు చెప్పిండు బిడ్డ. నేను పక్కన్నే కూసున్న అన్న సంగతి సుత మర్శిపోయి చెప్తుండె," అని నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. వచ్చే ఆదివారం ఎటు పోతున్నావని అడిగారు. గేటు పక్కన రెండు కుర్చీలూ అలాగే ఉన్నాయి.

గండిపేట వెళ్లిన ఆ రోజు కట్ట ఎక్కడానికి మాకు ముప్పావు గంట పట్టింది. నాలుగు మెట్లకోసారి ఆగడం, ఊపిరి పీల్చుకోవడం. పైకెక్కాక ఆయన నీళ్ల వైపు చూసి, "గింతేనా?" అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది. చేతికర్ర పక్కన పెట్టి, మెల్లగా కింద కూర్చున్నారు. కొత్త వాన నీళ్లు మట్టి బీటల్ని అప్పుడప్పుడే కప్పుతున్నాయి. చాలాసేపటికి, ఎవరితోనూ కాకుండా, "మస్తుగున్నది," అన్నారు.

కింద స్టాపులో ఇంకో బస్సు కండక్టరు విజిల్ వేశారు. మేం తిరిగి వెళ్లాల్సిన బస్సది. మళ్లీ బస్సు గంటన్నరకు గానీ లేదు. నేను గాభరాగా లేవబోతే తాత నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"పోనీ బిడ్డ. ఇయ్యాల నాకు డ్యూటీ లేదు."

రెండో విజిల్ కూడా వినపడింది. బస్సు మలుపు తిరిగి వెళ్లిపోయింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. నీళ్ల వైపు కాళ్లు చాపుకుని, సర్వపిండి ముక్క తుంచి నానమ్మ చేతిలో పెట్టారు.