అక్క బోరు కేసు

రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఎల్డన్ స్ట్రనాడ్, వెసెలీ ఊరి హైస్కూలు మగపిల్లల స్నానాలగదిలో నల్లగౌను తొడుక్కునే నిలబడి, గోడకున్న పిడి ఒకటి తిప్పారు. కింద కుళాయి వస్తుందనుకున్నారు. పైన జల్లు వచ్చింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, గౌను చేతులు పిండుకుని, జల్లు కట్టేయకుండానే పోయి బల్లమీద కూర్చున్నారు. ఆయనకి కావలసింది నీళ్ళు కాదు, చప్పుడు.

గోడకవతల బాస్కెట్‌బాల్ హాల్లో, మిగిలిన ఆరుగురు న్యాయమూర్తులూ ఆయన అక్క కేసు వింటున్నారు.

కోర్టు ఏడాదికోసారి రాజధాని వదిలి ఏదో ఒక ఊరి బడిలో కూర్చుంటుంది, పిల్లలు చూసి నేర్చుకుంటారని. ఈసారి ఎల్డన్ సొంత ఊరి వంతు. మొదటి కేసుకి ఆయన దర్జాగానే కూర్చున్నారు. రెండో కేసు పిలవగానే, “జస్టిస్ స్ట్రనాడ్ ఈ కేసులో పాల్గొనరు,” అని ప్రధాన న్యాయమూర్తి మైకులో చెప్పింది. ఆయన లేచి ఆ పొడవాటి హాలంతా నడవాల్సి వచ్చింది. మైనం పెట్టిన చెక్కనేల మీద కొత్త బూట్లు అడుగడుక్కీ కీచుమన్నాయి. మెట్లమీద కూర్చుని చూస్తున్నవాళ్ళలో ఆయన పళ్ళు పీకిన డాక్టరు ఉన్నాడు, చర్చిలో ఆర్గాన్ వాయించే ఆవిడ ఉంది, ముందువరసలో చర్చికి వేసుకెళ్ళే నీలం కోటు వేసుకుని అక్క లవాన్ ఉంది. ఆవిడ తలతిప్పి చూడలేదు.

తనవాళ్ళ కేసు వినకూడదు. స్నానాలగది గోడ చూస్తే పల్చన, మైకు చూస్తే కొత్తది. అందుకని జల్లు.

బడి ఊడ్చే డెల్మర్ తలుపు తోసుకుని వచ్చాడు. చిన్నప్పుడు ఎల్డన్ పక్కబెంచీవాడే.

“ఏంటి జడ్జిగారూ, తలంటా?”

“చెవులు మూసుకుంటున్నాలే.”

“బాగుంది. బయటేమో నీళ్ళ కేసు. లోపల నువ్వు ఊరి నీళ్ళన్నీ తూములో పోస్తున్నావు. కట్టెయ్యనా?”

“ఉంచరా. వాళ్ళయ్యాక కడతాను.”

డెల్మర్ తుడుపుకర్ర ఆనించి పక్కన కూర్చున్నాడు. “లవాన్ గెలుస్తుందంటావా?”

“నన్నడక్కు.”

“ఎప్పుడు ఏమడిగినా ఇదే మాట. పెళ్ళిలో కేకు బాగుందా అన్నా నన్నడక్కంటావు. సరేలే, ఊళ్ళో అందరికీ తెలుసు. రూలు అడ్డొచ్చింది గానీ, లేకపోతే అక్కని ఒడ్డున పడెయ్యవూ నువ్వు?”

ఎల్డన్ పాదాల వైపు చూసుకున్నారు. బూట్లలోకి నీళ్ళు చేరాయి. మాట్లాడకపోవడం ఆయనకి ఉద్యోగంతోపాటు వచ్చిన జబ్బు.

తల్లి పోయేనాటికి ఆయనకింకా బూట్లతాళ్ళు కట్టుకోవడం రాదు. లవానే కట్టింది. తండ్రి పశువులతో ఉంటే ట్రాక్టరు ఆవిడే నడిపేది. ఎల్డన్ ఆ ట్రాక్టరు క్యాబిన్‌లోనే ఒక మూల ముడుచుకుని పుస్తకం చదివేవారు. “నువ్వు దిగావంటే మొక్కజొన్న తొక్కేస్తావు, అక్కడే ఉండు,” అనేది. లా చదివొచ్చాక సొంత జిల్లాకే ప్రభుత్వ వకీలయ్యారు. తాగి లారీ తోలినందుకు డెల్మర్‌ని బోనెక్కించింది ఆయనే. తర్వాత జిల్లా జడ్జీ అయ్యి, సీటుమీద శాండ్‌విచ్ పెట్టుకుని ఊరూరి కోర్టుకీ కారు తోలుకుంటూ, విడాకులూ కంచె తగాదాలూ తప్పిపోయిన ఆవులూ విన్నారు. ఆ పైన సుప్రీంకోర్టు. అక్కడ ఆవులుండవు, కాగితాలుంటాయి. కళ్ళు పోయాయి, నడుం పోయింది. ఆయన అడుగుపెడితే కాఫీకొట్టులో బల్ల మొత్తం నోరుమూసుకునేది, ఏ మాట రేపు కేసవుతుందోనని. వాన గురించి మాట్లాడుకునేవాళ్ళు. తర్వాత వానా కేసైంది.

కరువు ఏడాదిలో ఎవరిదో కేసు వచ్చింది. నది పక్కన లోతుగా బోరు వేస్తే అది తోడేది నది నీళ్ళే, కాబట్టి దిగువన ముందునుంచీ వాడుకుంటున్నవాళ్ళకే మొదటి హక్కు అని ఎల్డన్ తీర్పు రాశారు. అంత శ్రద్ధగా మరే తీర్పూ రాయలేదాయన. పేపర్లో వస్తే లవాన్ చదవకుండానే మురిసిపోయి, గసగసాలు కూరిన కొలాచీ రొట్టెలు చేసి, “బాగా రాశావట్రా,” అంది. ఆ తీర్పే పట్టుకుని, నీళ్ళ పంపకం చూసే మండలివాళ్ళు నదిపక్కనున్న ఆవిడ పల్లపు చేలో బోరు మూసెయ్యమన్నారు. కింది కోర్టు కూడా మూసెయ్యమంది. ఆ పల్లపు చేనే కాస్తో కూస్తో పండేది.

ఆ రోజు బడిలో విన్న కేసు తీర్పు వచ్చేసరికి మొక్కజొన్న నడుమెత్తు పెరిగింది. ముగ్గురు లవాన్ వైపు, ముగ్గురు మండలి వైపు. ఇటూ అటూ సమానమైతే కింది కోర్టు మాటే నిలుస్తుంది. బోరు మూసేశారు. మండలి వైపు వెళ్ళిన ముగ్గురూ తమ తీర్పులో ఎల్డన్ రాసిన వాక్యాన్నే ఎత్తి రాశారు.

భార్య జనెల్ పోయినప్పటినుంచీ ఆదివారం చర్చి అయ్యాక ఎల్డన్ అక్క ఇంట్లోనే తినేవారు. అది ఆగిపోయింది. ఆవిడేమీ అనలేదు. చర్చిలో వరస మార్చింది, అంతే. ఆయన కారేసుకుని రాజధానికి వెళ్ళి, వంటింట్లో నిలబడే డబ్బా సూపు తాగేవారు. ఊరు మాత్రం జాలిపడింది. పెట్రోలు బంకులో, మంగలికొట్లో అదే మాట: “పాపం, జడ్జీ చేతులు కట్టేశారు గానీ...” ఆ జాలి ఆయనకి ఒంట్లో నొప్పిలా ఉండేది. కాదనడానికి నోరు రాలేదు. ఊరికే ఉంటే చాలు. కోపం ఏదో ఒకరోజు రూలుమీదికి మళ్ళుతుంది, తన కంచం తనకొస్తుంది.

మళ్ళింది కూడా. పంట కోతలయ్యాక ఒక ఆదివారం చర్చి మెట్లమీద లవాన్ ఆయన కోటు గుండీ సరిచేసి, “బాతు వండాను. ఒక్కదాన్నే తినలేను. రా,” అంది.

బాతూ, పుల్ల క్యాబేజీ, ఉడికించిన పిండిముద్దలూ బల్లమీద ఉన్నాయి. కిటికీలోంచి పల్లపు చేను కనబడుతోంది. కంకి పట్టని మొక్కలు కొయ్యకుండా అలాగే వదిలేసింది. ఆవిడ ఆయన కంచంలో తొడముక్క వేసింది.

“తిను. చిక్కిపోయావు.”

“సూపు తాగుతున్నాగా.”

“అదొక తిండేనా? నీ మీద కోపం లేదురా నాకు. ఆ దిక్కుమాలిన రూలుమీద. నువ్వు ఏం చేస్తావు?”

ఎల్డన్ తల ఊపబోయారు. ఊపితే సరిపోయేది. వచ్చే ఆదివారమూ, ఆ పై ఆదివారమూ బాతే. ఫోర్కు కింద పెట్టారు.

“ఏం, ఉప్పెక్కువైందా?”

“లేదక్కా. బాగుంది.”

“మరి తినవే?” లవాన్ కిటికీవైపు చూసింది. “ఊళ్ళో ప్రతి దొంగవెధవ కేసుకీ కూర్చున్నావు. నా ఒక్కదాని కేసుకే లేచి వెళ్ళావు. నువ్వు కూర్చునుంటే ఆ ఒక్క ఓటూ నాకు పడేది కదరా.”

“కూర్చునుంటే వాళ్ళకే పడేదక్కా.”