సరుగుడు కొస

మా చిన్నప్పుడు కాన్వెంటు హాల్లో క్రిస్మస్ చెట్టు నిలబెట్టే రోజు మధ్యాహ్నం క్లాసులుండేవి కావు... ప్యూను సింహాచలం గోలెంలో ఇసక పోసి, చెట్టుని అందులో దిగ్గొట్టేవాడు. ఆ ఏడు నేను ఏడో క్లాసు.

"అరకు నుంచి తెచ్చాడు. పైన్ చెట్టు," అంది సిస్టర్ మురిసిపోతూ. ఆవిడకి అలా చెప్పింది సింహాచలమే.

నేను క్లాసులో నోరు విప్పని పిల్లని. లైబ్రరీ పుస్తకాలే నా స్నేహితులు. ఆ రోజు ఏం పట్టిందో... సన్నటి పుల్లలాంటి ఆకు ఒకటి తెంపి, కణుపు దగ్గర విడదీసి, మళ్ళీ అతికించి చూపించాను.

"పైన్ ఆకు ఇలా ఊడదు సిస్టర్. ఇది సరుగుడు."

భోగాపురం దగ్గర సముద్రం వైపు పిల్లలం. ఎక్కడ అతికించానో చెప్పుకోమని ఆ ఆకుతో రోజూ ఆడుకునేవాళ్ళం.

అందరూ చప్పట్లు కొట్టారు. సింహాచలం తల గోక్కున్నాడు. "అరకు ఎల్లడానికి సెలవేదమ్మా?" అంటే సిస్టర్ కూడా నవ్వేసింది.

నా పక్కన కూర్చునే రమ్య ఆ ముచ్చట ఇంట్లో చెప్పింది. ఊళ్ళో పెద్ద సరుగుడు తోట వాళ్ళదే. సెలవు రోజుల్లో సింహాచలం అందులో నరికే కూలికి వెళ్ళేవాడు.

మర్నాడు ప్రేయర్ జరుగుతుండగా రమ్య వాళ్ళ నాన్న వచ్చాడు. బండి దిగుతూనే సింహాచలం చెంప పగలగొట్టాడు.

"నా తోటలో సెట్టు నరికీసి అరకుదని సెప్తావేట్రా?"

"సెట్టు కాదు బాబూ... కొస బాబూ... కూలోలకి వొగ్గీసినదే..."

"దొంగవి కాకపోతే అబద్ధం ఏటికాడేవురా?"

తోట నరికితే కర్రలు ఆసామివి, కొసలూ మండలూ కూలీలవి. మా వైపు అదే పద్ధతి. ఆయనకీ తెలుసు. కానీ లేత చెట్టుని మొదలంటా కొట్టేశాడనే అనుకున్నాడు.

గోడకి ఆనించిన జెండా కర్ర అందుకున్నాడు. మొదటి దెబ్బ భుజం మీద. రెండోది అడ్డంపెట్టిన చేతి మీద... ఎముక విరిగిన చప్పుడు మూడో వరుసలో ఉన్న నాకు వినపడింది. కింద పడ్డాక డొక్కలో తన్నాడు. మళ్ళీ తన్నాడు. సిస్టర్ అడ్డుపడితే తోసేశాడు. గచ్చు మీద రక్తం, అందులో ఒక పన్ను.

బడంతా నిలబడి చూశాం.

నాకు తెలుసు. లేత చెట్టుకి కాయలుండవు, కర్ర నిటారుగా ఎదగాలని కింది మండలు కొట్టేసి ఉంటాయి. హాల్లో ఉన్నదానికి కోసిన చోటు దాకా మండలే. నిండా గరుకు కాయలు. అది పెద్ద చెట్టు కొసే... ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచాను. రాలేదు.

మధ్యాహ్నం సిస్టర్ దగ్గరికెళ్ళి చెప్పాను. ఆవిడ ఒక మండ విరిచి, నన్ను వెంటబెట్టుకుని రమ్య వాళ్ళింటికి నడిచింది. ఆయన వసారాలో భోంచేస్తున్నాడు. ఎడం చేత్తో కాయల్ని తిప్పి చూశాడు.

"కొసే," అన్నాడు. నా వైపు చూసి, "పొద్దున్నే సెప్పాల కదమ్మా" అని మళ్ళీ అన్నం కలుపుకున్నాడు.

సింహాచలం చెయ్యి వంకరగా అతుక్కుంది. మళ్ళీ కత్తి పట్టలేదు. బడి గంట ఎడం చేత్తో కొట్టేవాడు. నేను కనపడితే, "నీకు సెట్లు బాగా తెలుసు తల్లీ, బాగా సదువుకో" అనేవాడు. అందులో వెటకారం లేదు... అందుకే అతను కనపడితే పక్క సందులోకి తప్పుకునేదాన్ని.

ఇప్పుడా తోట లేదు. విమానాశ్రయం వచ్చాక అటంతా రోడ్లే. మొన్న కాన్వెంటుకి వెళ్తే హాల్లో ప్లాస్టిక్ చెట్టు ఉంది. అట్టపెట్టెలోంచి తీసి, పండగయ్యాక అందులోనే పెట్టేస్తారట. అదేం చెట్టని ఏ పిల్లా అడగదు. ఎవరి చెట్టని ఎవర్నీ ఎవరూ కొట్టరు.

మీ బళ్ళో చెట్టు ఎవరు మోసుకొచ్చేవారు? గుర్తుంటే... ఆ మనిషి గురించి నాలుగు మాటలు రాయండి.