గంగ చల్లింది పన్నీరు కాదు

విశాఖపట్నం సముద్రపొడ్డున సాయంత్రం పూట షికారు తిరిగే పెద్దమనుషుల్లో వరహాలరావు అనే వకీలు ఒకడు. మొన్న ఉప్పు బేరానికి వెళ్లి, ఎద్దులకు నీళ్లు పెట్టి ఇసకలో కూర్చున్నప్పుడు, ఆయన తన స్నేహితులకు అనంతగిరి వేట ముచ్చట్లు చెబుతుంటే విన్నాను. కొండజాతి ఆడవాళ్లు తనకు ఎదురొచ్చి, పన్నీరు చల్లి, పాటలు పాడి పంపించారట. విన్నవాళ్లంతా ఆహా అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. చల్లింది పన్నీరు కాదు. చల్లిన మనిషికి ఒక పేరుంది, ఒక బతుకుంది. అది నేను చెబుతాను.

గంగ అనంతగిరి పైన ఒక చిన్న గూడెం మనిషి. కొండవాలులో చోళ్లు, సామలు పండిస్తుంది. నేను ఏటా ఎద్దుల మీద ఉప్పు వేసుకుని వాళ్ల గూడేనికి వెళతాను. కొలిచేటప్పుడు నా ముఖం చూడదు, చేతినే చూస్తుంది. కాస్త వెలితి కనిపిస్తే మళ్లీ కొలిపించి, పైగా పకపకా నవ్వుతుంది. ఇద్దరు పిల్లల్ని చలిజ్వరాలకు పోగొట్టుకున్నా ఆ నవ్వు మాత్రం పోగొట్టుకోలేదు. మొగుడు బుధు మాట తక్కువ మనిషి. విల్లు పడితే గూడెంలో అతని తరవాతే ఎవరైనా.

చైత్రంలో వాళ్లకు ఇటుకల పండగ. మగవాళ్లు అడవికి వేటకు వెళ్లాలి. తెచ్చిన జంతువు నెత్తురు విత్తనాలకు తగిలించాకే నేలలో చల్లుతారు. ఉత్త చేతులతో వచ్చినవాణ్ని ఆడవాళ్లు దారికి అడ్డం నిలిచి పేడనీళ్లతో తడిపి, ఎగతాళి పాటలు పాడతారు. తడిసినవాడు నవ్వుకుంటూ ఏదో ఒకటి చేతిలో పెట్టి తప్పించుకోవాలి. గూడెం పెద్దకైనా అదే మర్యాద. ఏడాది పొడుగునా రెక్కలు ముక్కలు చేసుకునే ఆడవాళ్లకు అంతకంటే పెద్ద వేడుక లేదు.

పోయిన చైత్రంలో ఆ వేడుక మీద వకీలుగారి సరదా వచ్చి పడింది. పండగ ముందర ఫారెస్టు గార్డు వచ్చి, సర్కారు అడవిలో వేటాడకూడదంటూ బుధు విల్లు లాక్కుపోయాడు. ఆ మర్నాడే వరహాలరావు కొత్త తుపాకీతో, ఇద్దరు స్నేహితులతో, డోలీల్లో కొండెక్కాడు. ఆయన తుపాకీకి ఏ చట్టమూ అడ్డు రాలేదు. పైగా పొదల్లోంచి జంతువుల్ని తోలడానికి గూడెం మగవాళ్లంతా డప్పులు పట్టుకుని రావాలని గార్డు హుకుం. అదీ పండగ వేట మొదలయ్యే రోజున. బుధు రానంటే, వస్తే సాయంత్రం విల్లు తిరిగి ఇస్తానన్నాడు. విల్లు కోసం బుధు డప్పు మెడలో వేసుకున్నాడు.

రోజంతా అడవి దద్దరిల్లింది. వరహాలరావు తుపాకీ పేలుస్తూనే ఉన్నాడు. ఒక్క కుందేలు కూడా పడలేదు.

పొద్దు వాలుతుండగా గూడెం దారిలో ఆడవాళ్లు కాచుకుని ఉన్నారు. ముందుగా తుపాకీవాళ్లు వచ్చారు, చేతులు ఖాళీ. గంగ నవ్వుతూ వెళ్లి వరహాలరావు నెత్తిన పేడనీళ్లు కుమ్మరించింది. అందులో కోపం లేదు, నా కళ్లతో చూశాను. వేటకు వెళ్లిన మనిషికి జరగవలసిన మర్యాద చేసింది. ఆయన కూడా నవ్వి, ఏదో ఇచ్చి పోతాడనుకుంది. గంగ చేసిన పొరపాటల్లా అదే.

ఆయన నవ్వలేదు. గార్డు దగ్గరున్న బుధు విల్లు తన చేతిలోకి తీసుకున్నాడు. గంగ కాళ్లమీద పడి తప్పయిందంటే విల్లు ఇస్తాడట, లేకపోతే లేదట. వెనక వచ్చిన మగవాళ్లు డప్పులతో అలాగే నిలబడిపోయారు. పండగ ఇంకా మిగిలే ఉంది. విల్లు చేతికొస్తే బుధు వేట తెస్తాడు, విత్తనాలకు నెత్తురు తగులుతుంది. గంగ ఒక్క మాట అంటే చాలు. గార్డు తొందరపెట్టాడు.

"బేగి పడవే. బాబుగోరు సరదాకొచ్చినారు. నువ్వు సేసిందేటి?"

గంగ కుండ కింద పెట్టింది.

"బాబుది సరదా అయితే నాదీ సరదాయే. తప్పేటో సెప్పండి, పడతాను."

కోర్టులో పూటలకు పూటలు వాదించే వరహాలరావు విల్లును మోకాలికి ఆనించి విరిచి, దారిలో పారేసి డోలీ ఎక్కాడు. ఆ డోలీ మోసింది కూడా ఆ కొండవాళ్లే. అలాంటి మనిషి సముద్రం గాలికి కూర్చుని పన్నీరు కబుర్లు చెబుతాడా!

డోలీలు మలుపు తిరిగాక బుధు మెడలోంచి డప్పు తీసి పక్కన పెట్టాడు. వచ్చి గంగ ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"నా మీదా పోసెయ్యి. నేనూ ఉత్తసేతుల్తోనే వచ్చినాను."

కుండలో ఇంకా నీళ్లున్నాయి. గంగ ముట్టుకోలేదు.

"నువ్వు వేటకెల్లలేదు. వెట్టికెల్లినావు," అంది.

పేడనీళ్లకు కూడా నోచుకోలేదని ఆ మనిషి దారి మధ్యలో కూర్చుని ఏడ్చాడు.