భయం లేదన్న ఊరు

ఎనభైల మొదట్లో ఉరవకొండ పక్కన మా పెద్దమ్మ వాళ్ల ఊళ్లో సర్వే చేశాను. ఆ ఊరికున్న ఒక్క బోరింగు నీళ్లలో రేడియోధార్మికత ఉందని, అది అడుగు రాతిలోంచే వస్తోందని పరీక్షలో తేలింది. జనం అభిప్రాయాన్ని బట్టి వేరే నీళ్లు ఇస్తామన్నారు పైవాళ్లు. మా సర్వే జట్టుకు పెద్దగా ఉన్న సోషియాలజీ లెక్చరర్ తెగ మురిసిపోయాడు. ప్రజల మాట విని ప్రభుత్వం నడవడం మన జిల్లాతోనే మొదలంటూ ఊదరగొట్టాడు. నాకైతే ఎండ తప్ప ఇంకేమీ తెలియలేదు.

"మీ ఇంట్లో రేడియోధార్మికత వల్ల భయం ఉందా?" అన్నది మా మొదటి ప్రశ్న. రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు తీసుకోవాల్సిన రోజులవి. ఆ ఊళ్లో ఎవరు తీసుకున్నారు గనక! ప్రశ్న సగంలో ఉండగానే "మా ఇంట్లో యాడుండాదప్పా, లేదు" అని తలుపు దగ్గరగా వేసేవాళ్లు. పెద్దమ్మ కూడా నన్ను చూసి తన రేడియోను శెనక్కాయల మూట వెనక్కి తోసింది.

"లైసెన్సు కాదు పెద్దమ్మా, నీళ్ల సంగతి" అని కూర్చోబెట్టి చెప్పాను. కాన్పుకు పుట్టింటికొచ్చిన ఆమె కూతురు, మా అక్క, గోడకానుకుని అంతా విన్నది.

"కడుపుతో ఉండేవాళ్లు తాగొచ్చునా?" అని అడిగింది.

తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

"అట్లయితే నాకు భయమే. వేరే నీళ్లు కావల్లని రాసుకో."

రాసుకున్నాను. సాయంత్రం లెక్చరర్‌తో, జనం రేడియో అనుకుని లేదన్నారు, మాట మార్చి మళ్లీ అడుగుదామన్నాను.

"మార్చితే మనం నేర్పించినట్లయితాది. వాళ్లు చెప్పిందే వాళ్ల అభిప్రాయం" అన్నాడు. చెడ్డవాడు కాదు, వట్టి చాదస్తుడు. నాకు కోపం రావాలి. రాలేదు. తలూపి భోజనానికి వెళ్లాను.

కొన్నాళ్లకు నిర్ణయం వచ్చింది. ప్రజలకు భయం లేదు కాబట్టి వేరే నీళ్లు అక్కర్లేదట. చెప్పడానికి నేనే వెళ్లాను. నెలలు నిండిన అక్క బోరింగు దగ్గర్నుంచి బిందెతో వస్తోంది.

"ఏమన్నారు?"

"ఊరికి భయం లేదన్నారు."

"నేను చెప్పినాను కదా."

"నువ్వొక్కదానివే చెప్పినావక్కా."

ఆమె బిందె దించి, చెంబు ముంచి నాకిచ్చింది. ఎండలో నడిచి వచ్చాను, ఎత్తి తాగాను. మిగిలినవి తను తాగింది.