బొంతలో కలిసిన బ్యానర్

మహబూబ్‌నగర్ బస్టాండు గోడకు పోస్టర్ అంటిస్తుంటే, మా ఊరి బస్సు దిగినవాళ్లు చెప్పారు, పక్కింటి ఖాలా పొద్దున పోయిందని. చేతికి మైదా జిగురుతోనే బస్సెక్కాను. దారంతా ఆమె మాటలు గుర్తొచ్చి నవ్వు వస్తూనే ఉంది. చావింటికి పోతూ నవ్వడం తప్పైతే, మిత్రులారా, ఆ తప్పు ఆమెదే.

అప్పట్లో ఒక కరువు ఏడు మా బావి ఎండింది. బాపు మేస్త్రీ వెంట ఎక్కడో కాలువ పనులకు పోయాడు. అమ్మ మాట్లాడటం మానేసింది. పొయ్యి ముందు కూర్చుంటే కూర్చున్నట్టే. గాలి సోకిందన్నారు కొందరు. దవాఖానలో నిద్రగోలీలు ఇచ్చారు. నేను కరపత్రాలు చదివినవాణ్ణి గదా, వాకిట్లో నిలబడి ఉపన్యాసం దంచాను: ఇది గాలి కాదు, కరువు, వలస, దోపిడీ.

ఖాలా అంతా విన్నది. "నిజమే బిడ్డా. మరి నీ రాజ్యం వచ్చేదాంక మీ అమ్మ గట్లనే కూసోవాల్నా?"

మర్నాటి నుంచి అమ్మను చెయ్యి పట్టి తన అరుగు మీదికి తీసుకుపోయేది. మగవాళ్లు వలసపోయిన ఇళ్ల ఆడవాళ్లు అక్కడ పాత బట్టలతో బొంతలు కుట్టేవారు. బట్ట ఎవరిది వాళ్లు తేవాలి. బొంత మాత్రం ఎక్కువ దిగులున్న ఇంటికి. అది ఖాలా పెట్టిన కట్టుబాటు. అమ్మ సూది ముట్టేది కాదు. ఎవరూ ఏమీ అనేవారూ కాదు.

ఒకనాడు నా పెట్టెలోని ఎర్ర బ్యానర్ మాయమైంది. 'ఊర్లోనే పని కావాలి' అని నేనే రాసింది, తెల్లారితే ఊరేగింపు. చూస్తే అరుగు మీద ముక్కలై ఉంది. ఊగిపోయాను.

"అరవకు," అన్నది ఖాలా. "తెచ్చింది మీ అమ్మ. కత్తెర పట్టింది గూడ మీ అమ్మనే. ఇన్నొద్దులకు చెయ్యి కదిలింది. జెండాకు మొక్కుతవా, ఆ చేతికి మొక్కుతవా?"

నేను నోరు తెరిచేలోపు అమ్మ తలెత్తకుండానే అన్నది: "వానికి ఒర్రుడే వచ్చు అక్కా. ఓ సూది ఇయ్యి."

అరుగంతా గొల్లున నవ్వింది. కూర్చుని కుట్టాను. దారం ఒక్క దారిన పోలేదు.

"గిది కుట్టా, తేలు పోయిన తొవ్వా?" అన్నది ఖాలా. అమ్మ పళ్లు కనబడేలా నవ్వింది.

మర్నాడు ఊరేగింపులో బ్యానర్ లేదు. అరుగు మీది ఆడవాళ్లంతా ఉన్నారు. "బట్ట లేకుంటేంది, నోళ్లు లేవా?" అంటూ ఖాలా ముందు నడిచింది.

ఆ ఏడు బొంత మా ఇంటికే వచ్చింది. మొన్న ఖాలా మంచాన పడితే అమ్మే దాన్ని తీసుకుపోయి కప్పింది. ఇవాళ ఉతికి ఆమె అరుగు గోడమీద ఆరేశారు. గాలికి లేచినప్పుడల్లా ఎర్రముక్క మీద 'కావాలి' అన్న మాట కనబడుతోంది. దాని పక్కనే, వంకరటింకరగా, నా కుట్టు, ఆ తేలు తొవ్వ.