అరవై తొమ్మిదో ఏట నేర్చుకున్న అడుగులు

మార్చి నెల, రెండో ఆదివారం. సాయంత్రం ఆరు గంటలు. బత్తలపల్లెలో మా వీధి చివరి ఖాళీ స్థలం.

హాజరైనవారు: చెక్కభజన గురువు. ఆడేవాళ్లం ఎనిమిది మందిమి: రిటైర్డు హెడ్మాస్టరు, కిరాణా అంగడాయన, మగ్గం పనిచేసే అన్నదమ్ములు నలుగురు, టైలరు, నేను. చూడడానికి మా ఆవిడ, వీధి జనం. జనాన్ని లెక్కపెట్టలేదు. ఆ రోజు చేతులు ఖాళీ లేవు.

ఇవి ఆనాటి నా డైరీలోని మాటలే. బస్టాండులో కంట్రోలరుగా ఉన్నన్నాళ్లూ ఏ బస్సు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు కదిలింది అని రాసేవాణ్ణి. ఆ అలవాటుతోనే ఇంట్లో కూడా ప్రతి రోజూ రాసుకునేవాణ్ణి. రిటైరైనా మానలేదు. కాబట్టి నా మతిమరుపు బయటపడిన రోజు కూడా నా దగ్గర రాసే ఉంది.

అంతకు ముందటి ఎండాకాలం. మోపెడ్ మీద ధర్మవరం పోయి, మా ఆవిడ పట్టుచీరకు కుచ్చులు వేయమని ఒక అంగట్లో ఇచ్చాను. అక్కణ్ణుంచి నడుచుకుంటూ బస్టాండుకు పోయి, బస్సెక్కి ఇంటికొచ్చేశాను. మర్నాడు పొద్దున చూస్తే గేటు దగ్గర బండి లేదు. దొంగలెత్తుకుపోయారని స్టేషనులో కంప్లైంటు రాసిచ్చాను. రంగు, నంబరు, సీటు చిరిగిన చోటు, అన్నీ వివరంగా. మధ్యాహ్నానికి కానిస్టేబులు ఫోన్ చేశాడు.

"సార్, మీ బండి ధర్మవరంలో చీరలంగడి ముందర ఉండాది. ఎండకు సీటు కాలిపోతాదని అంగడాయప్పే నీడకు జరిపినాడంట. మీరే ఆడ మర్చిపోయి పోయినారు."

వీధంతా నవ్వింది. నాకు మాత్రం మా నాయన గుర్తొచ్చాడు. చివరి మూడేళ్లు ఆయన మా ఆవిడ చేతి అన్నం తింటూ, "నువ్వెవరమ్మా? మీది యా ఊరు?" అని రోజూ అడిగేవాడు. ఆమె రోజూ ఓపిగ్గా జవాబు చెప్పేది. నేనూ ఆ దారినే పోతున్నానా అన్న మాట మా ఇద్దరి మధ్యా ఎవరూ అనలేదు గానీ, ఆ రోజు నుంచి అది ఇంట్లోనే ఉంది.

డైరీలు తిరగేశాను. రాస్తుండగా ఒక మాట గుర్తు రాకపోతే చిన్న గీత పెట్టి వదిలేయడం, తట్టినప్పుడు నింపడం నా పద్ధతి. రెండేళ్ల కిందట పేజీకి ఒక గీత కూడా లేదు. ఆ ఏడాది పేజీల నిండా గీతలే, నింపనివి.

అనంతపురంలో డాక్టరమ్మ ఒక చిరునామా చెప్పి కాసేపటికి మళ్లీ అడిగింది. సగమే చెప్పగలిగాను. ఆమె దాచలేదు.

"మీ నాయనకొచ్చిన జబ్బే మీకూ వచ్చిందని ఇప్పుడు చెప్పలేను, రాదనీ చెప్పలేను. కొన్ని నెలలాగి మళ్లీ చూస్తా. ఈలోగా ఆ కుర్చీలోంచి లేవండి. గుండె గట్టిగా కొట్టుకునేంత కదలండి. మెదడుకు రక్తం బాగా అందుతుంది, నిద్ర పడుతుంది. ఆ కదలికలోనే కొత్తగా నేర్చుకునేది ఏదైనా ఉంటే ఇంకా మంచిది. గ్యారంటీ మాత్రం అడగొద్దు."

వారం రోజులు రోడ్డు మీద నడిచాను. విసుగేసింది. అప్పుడు హెడ్మాస్టరు నన్ను లాక్కుపోయి గురువు ముందు నిలబెట్టాడు. గురువు దూదేకులవాడు, పరుపులు కుడతాడు. వాళ్ల తాత కాలం నుంచీ చెక్కభజన వాళ్లింటి విద్య. గురువు మధ్యలో నిలబడి పాట ఎత్తుకుంటాడు. మిగతావాళ్లం చుట్టూ తిరుగుతూ, చేతిలో చెక్కలు వాయిస్తూ, పాడుతూ, పాట మారినప్పుడల్లా అడుగు మార్చాలి. ఆయన గొంతు ఆగితే, ఆ క్షణాన ఎదురుగా ఉన్నవాడు పాట అందుకోవాలి. అది ఆయన నియమం. వలయం తిరుగుతూనే ఉంటుంది గనుక ఆ వంతు ఎవరికైనా రావచ్చు.

మొదటి రోజు అందరూ కుడికి తిరిగితే నేను ఎడమకు తిరిగి అంగడాయన పొట్టకు తగిలాను.

"ఏమప్పా కంట్రోలరూ, ప్లాట్‌ఫారం మారిపోయినావే!" అన్నాడు హెడ్మాస్టరు.

"అన్నా, రివర్సు వద్దు, ముందుకు రా!" అని గురువు కేక.

ఇంటికొచ్చి అడుగులన్నీ కాగితం మీద రాశాను. బాణం గుర్తులు, అంకెలు, పాట చరణాలు. కూర్చుని బట్టీ పట్టాను. మర్నాడు మళ్లీ తప్పు. ఇంకా వివరంగా రాశాను. మళ్లీ తప్పు. ఒక రోజు ఆటలో జేబులోంచి కాగితం తీసి చూస్తుంటే గురువు పాట ఆపేశాడు.

"అది చేస్తాండేది ఏందన్నా? టైంటేబులా? కాగితానికి కాళ్లుండాయా? ఈడ పెట్టిపో. కాలు నేర్చుకోనీ, తల ఎనకాలే వస్తాది."

బతుకంతా రాసుకుని గుర్తుపెట్టుకున్నవాణ్ణి. కాగితం ఇచ్చేయడం నాకు చాలా కష్టమైంది. అయినా ఇచ్చేశాను.

పది రోజులకు రెండడుగులు వచ్చాయి. నెలకు ఒక పాట వచ్చింది. చొక్కా పిండితే చెమట కారేది. నిద్ర మాత్రం మగ్గం దిగిన మనిషి నిద్ర. డైరీలో ఆట ఆడిన రోజుల పక్కన చుక్క పెట్టడం మొదలుపెట్టాను. చుక్కలున్న పేజీల్లో గీతలు తగ్గుతూ వచ్చాయి. మా నేల మీద కురవక కురవక వాన కురిసిన వారం ఆట ఆగింది. ఆ వారం గీతలు మళ్లీ వచ్చాయి. ఇది ఒక్క మనిషి లెక్క, లోకానికంతా వర్తిస్తుందని అనను. నాకు మాత్రం అదే చాలు.

ఫిబ్రవరిలో డాక్టరమ్మ మళ్లీ చిరునామా అడిగింది. ఇంటి నంబరుతో సహా చెప్పాను. "బాగుంది, మానొద్దు" అంది. ఆ మాట మా ఆవిడతో చెబితే, "డాక్టరమ్మ ఊరుకోబెట్టనీకి అంటాదిలే. నా కండ్లతో నేను చూడాల" అంది. అందుకే ఆ ఆదివారం ఆమె వచ్చింది.

అరగంట బాగానే సాగింది. తర్వాత గురువుకు చిలిపితనం పుట్టింది. మేము సాధన చేసిన వరుస వదిలేసి, నాలుగో పాట మధ్యలో రెండో పాట ఎత్తుకున్నాడు. అన్నదమ్ముల్లో ఇద్దరు ఆగిపోయారు. హెడ్మాస్టరు వెనక్కి తిరిగి నా ముఖానికి ముఖం పెట్టాడు. నా కాలు మాత్రం దాని పాటికది కుడికి పోయింది.

"ప్లాట్‌ఫారం తప్పినారు సార్!" అన్నాను, ఆట ఆపకుండానే. జనం గొల్లుమన్నారు.

అంతలో సుడిగాలి లేచి దుమ్ము కొట్టింది. గురువు దగ్గుతూ వంగిపోయాడు. పాట తెగింది. ఆ క్షణాన ఆయన ఎదురుగా ఉన్నది నేను. ఆలోచించే వ్యవధి లేదు. నోరు తెరిచాను. తర్వాతి చరణం వచ్చింది. దాని తర్వాతిదీ వచ్చింది. మిగతా ఏడుగురూ నా గొంతు వెంబడి తిరిగారు. గురువు నీళ్లు తాగి తేరుకుని కూడా పాట వెనక్కి తీసుకోలేదు. నడుము మీద చేతులు పెట్టుకుని, "కానీ అన్నా, కానీ!" అన్నాడు. మిగిలిన ఐదు చరణాలూ నావే. ఒక్క మాట జారలేదు. చివరి అడుగుకు చెక్కలన్నీ ఒక్కసారి మోగినప్పుడు మా నాయన గుర్తొచ్చాడు. ఎన్నాళ్లకో భయం లేకుండా గుర్తొచ్చాడు.



మర్నాడు పొద్దున ఆరుకు ముందే మా ఆవిడ కొంగు బిగించి, చెప్పులు విడిచి, వాకిట్లో నిలబడి ఉంది.

"రాయ్యా. మొదటి అడుగు యాది?"

"కుడికాలు ముందుకు. రెండు కొట్టి, కుడికి తిరగాల."

ఆమె ఎడమకు తిరిగింది.

"కుడికి" అన్నాను.

"తెలుసులే" అంది.