నాలుగో గొయ్యి వేడి

పాత పొడంపేటలో ఫోన్ సిగ్నల్ అందదు. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట అలలు ఏటేటా ఒడ్డును కోసుకుపోతుంటే ఊరంతా లోపలికి కట్టిన కొత్త కాలనీకి తరలిపోయింది. మిగిలినవి సగం కూలిన గోడలు, తలుపుల్లేని గుమ్మాలు, పని చేసే ఒక చేతిపంపు. వాటి మధ్య పుణ్యవతి ఒక్కతే ఉండేది.

కాలనీలో ఆమెకూ ఇల్లు ఉంది. భర్త పైడన్న కేరళలో బోట్ల మీద వేటకు పోతాడు, ఏడాదికోసారి వస్తాడు. పిల్లలు లేరు. ఖాళీ ఇంట్లో కూర్చునేకంటే ఇక్కడే నయం అని, తాబేలు గుడ్ల కాపలా పనికి ఒప్పుకుంది. ఫాల్గుణంలో తాబేళ్లు ఒడ్డెక్కి గుడ్లు పెట్టి వెళ్లాక, అలలకు కొట్టుకుపోయేలా ఉన్నవాటిని బరంపురం నుంచి వచ్చిన మా కాలేజీ వాళ్లం అనుమతి తీసుకుని ఎగువకు మార్చాం. నాలుగు గోతులు తవ్వి, గుడ్లు పెట్టి, చుట్టూ వల కంచె కట్టాం. కుక్కలూ నక్కలూ రాకుండా చూడడం ఆమె పని.

ఇంకొక పని కూడా ఉంది. ప్రతి గోతిలోనూ గుడ్ల మధ్య ఒక చిన్న ఉష్ణమాపకం పెట్టి, వైర్లు బయటికి తీసి, గుంజకు కట్టిన ప్లాస్టిక్ పెట్టెలోకి ఎక్కించాం. ఆ పెట్టెలో మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్పు ఉంది. పైన పుస్తకమంత సోలార్ పలక. దానికి టవరూ ఇంటర్నెట్టూ అక్కర్లేదు. తన చుట్టూ తానే చిన్న వైఫై పరుచుకుంటుంది. కంచె దగ్గర నిలబడి ఫోన్ కలిపితే నాలుగు గోతుల వేడీ తెర మీద నాలుగు అంకెలుగా కనిపిస్తుంది. పెట్టె దాచుకున్న పాత అంకెలు కూడా ఫోన్లోకి దిగుతాయి. శనివారం ఆమె బియ్యానికి కాలనీకి వెళ్లినప్పుడు సిగ్నల్ తగిలి అవి బరంపురంలో నాకు చేరేవి.

పుణ్యవతి చదువుకోలేదు గానీ అంకెలు పోల్చుకుంటుంది. మొదటి రోజు ఫోన్ పట్టుకుని చాలాసేపు చూసింది. ముప్ఫై నాలుగు దాటితే భయపడాలని, ఇంకా పెరిగితే లోపలి పిల్లలు చచ్చిపోతాయని నేను చెప్పాను.

“అంటే ఒంటి ఏడి లాంటిదేనేటమ్మా?” అని అడిగింది.

అలాంటిదే అన్నాను. ఆ రోజుల్లో నా చంటిపిల్ల నుదురు రోజుకు పదిసార్లు తడిమి చూసేదాన్ని. అంతకంటే మంచి పోలిక నాకూ తోచలేదు.

తర్వాత ఆమె ఫోన్ ఎప్పుడూ ఆ పెట్టెతోనే కలిసి ఉండేది. పొద్దున లేవగానే చూసేది, గంజి తాగుతూ చూసేది. ఒకసారి నేను వెళ్లేసరికి ఆడపడుచు బుల్లమ్మ కాలనీ నుంచి ఎండుచేపలు తెచ్చి ఇచ్చి, గుమ్మంలో కూర్చుని ఉంది.

“మా అన్నతో మాట్లాడ్డానికి సిగ్నల్ లేదు గాని, గుడ్లతో మాట్లాడ్డానికి ఉన్నాదేటి వదినా?” అంది బుల్లమ్మ.

“మీ అన్న కన్నా ఇయ్యే నయం. ఎప్పుడడిగినా పలుకుతాయి,” అంది పుణ్యవతి, ఫోన్ మీంచి చూపు తిప్పకుండానే.

బుల్లమ్మ నవ్వింది. సాయంత్రం కాకముందే వెళ్లిపోయింది. పాత ఊళ్లో చీకటి పడే వరకు ఇంకెవరూ ఉండరు.

చైత్రం దాటేసరికి ఎండలు ముదిరాయి. అంకెలు రోజుకు కొంచెం చొప్పున ఎక్కాయి. కంచె చివర ఉన్న నాలుగో గోతికి ఏ నీడా లేదు. దాని వేడి మిగతావాటికంటే ముందు ముప్ఫై నాలుగు దాటింది. ఆ శనివారం వచ్చిన అంకెల్లో నాకొక వింత కనిపించింది. రోజూ మధ్యాహ్నం నాలుగో గోతి వేడి ఉన్నట్టుండి రెండు డిగ్రీలు పడిపోతోంది. మూరెడు లోతున ఇసుక అంత తొందరగా చల్లబడదు. మా విభాగం పెద్ద ఉదయ్ భాస్కర్ గారు చూసి, వైరు తెగిందో, పెట్టెలోకి ఉప్పు గాలి దూరిందో అన్నారు. అంకెలు నమ్మడానికి లేకపోతే ఈ ఏటికి పని ఆపి, అన్నీ విప్పి తెచ్చేద్దామన్నారు. పెట్టె తీసేస్తే పుణ్యవతికి కాపలా పని కూడా ఉండదు.

పిల్లను మా అత్తగారికి అప్పగించి, బరంపురంలో మేం ఉండే లంజిపల్లి నుంచి బయల్దేరి వెళ్లేసరికి ఎండ నడినెత్తిన ఉంది. కంచె లోపల పుణ్యవతి తలమీద తడిగుడ్డ వేసుకుని, చంకలో బిందెతో నిలబడి ఉంది. నాలుగో గోతి చుట్టూ మెల్లగా నీళ్లు ధారగా పోస్తోంది. నీళ్లు పచ్చగా ఉన్నాయి. పసుపు కలిపింది. ధారతోపాటు వేపాకులు జారి ఇసుక మీద పడుతున్నాయి. బిందె ఖాళీ అయ్యాక చెయ్యి తుడుచుకుని ఫోన్ చూసింది. ఇంకో బిందె తెచ్చింది. మళ్లీ చూసింది.

పిల్లలకు అమ్మవారు పోస్తే, ఒళ్లు కాలిపోతుంటే, ఈ వైపు ఇళ్లల్లో చేసేది అదే. పసుపు నీళ్లు, వేపాకు, తల్లికి చల్లదనం. ఆమె చిన్నప్పటి నుంచి చూసింది, చేయించుకుంది.

నన్ను చూసి దాచలేదు. ఫోన్ నా ముందుకు చాపింది.

“సూడమ్మా, తగ్గినాది. ఈ ఒక్కదానికే బాగా కాగిపోతన్నాది. రోజూ సల్లదనం సేస్తన్నాను.”

నేను మోకాళ్ల మీద కూర్చుని గోతి మీద చెయ్యి పెట్టాను. మిగతా మూడింటి మీద ఇసుక పొడిగా వేళ్ల మధ్య జారిపోయింది. ఇక్కడ ముద్దగా, బరువుగా ఉంది. గుడ్డు పెంకు గుండా ఊపిరి పీలుస్తుందని, ఇసుక రేణువుల మధ్య గాలి ఉంటేనే లోపలి పిల్ల బతుకుతుందని, ఆ ఖాళీల్లో నీళ్లు నిలిస్తే గాలి అందదని చెప్పాను. వీలైనంత మెల్లగానే చెప్పాను. ఆమె బిందె కింద పెట్టింది.

“అయితే సచ్చిపోనాయేటి?”

“తెలీదు పిన్నీ. తవ్వి చూస్తే, బతికున్నవి కూడా పోతాయి.”

“మరి అంకె తగ్గినాది గదా,” అంది. కొంచెంసేపటికి మళ్లీ అదే మాట, ఈసారి తనలో తాను.

ఉదయ్ భాస్కర్ గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు. వైరు బాగానే ఉందిగా, పొదిగే గడువు దాకా ఆగుదాం అన్నారు. నాలుగు గోతుల మీదా తాటాకుల పందిరి వేయించాం. ఇక నీళ్లు పోయకూడదు. చూడడం తప్ప ఆమెకు చేసేదేమీ లేదు.

ఆ రోజులు ఎలా గడిపిందో తర్వాత కాలనీలో బుల్లమ్మ చెప్పింది. తిండి తెచ్చినా సరిగా తినలేదట. మధ్యాహ్నం నాలుగో అంకె ఎక్కుతుంటే ఫోన్ ఒళ్లో పెట్టుకుని, బిందె వైపు చూడకుండా సముద్రం వైపు తిరిగి కూర్చునేదట. ఇంటికి రమ్మంటే, ఊపిరాడక ఉన్నవాటిని వదిలి ఎలా వస్తానని అడిగిందట. పైడన్న ఫోన్ చేశాడని చెప్పినా కాలనీకి రాలేదట.

వైశాఖంలో ఒక తెల్లవారుజామున మొదటి గోతిలో ఇసుక కదిలింది. తర్వాత రెండోది, మూడోది. తాబేలు పిల్లలు బిలబిలమంటూ పైకి వచ్చి, మేం వల ఎత్తగానే నీళ్ల వైపు పాకాయి. చూడ్డానికి కాలనీ పిల్లలంతా వచ్చారు. పుణ్యవతి మాత్రం నాలుగో గోతి పక్కనే కూర్చుని ఉంది. అది కదల్లేదు. గడువు దాటి కొన్నాళ్లు ఆగి, తవ్వక తప్పదన్నారు ఉదయ్ భాస్కర్ గారు.

ఆ పొద్దున మేం ముగ్గురమే ఉన్నాం. పుణ్యవతి తానే తవ్వుతానంది. చేతులతోనే తవ్వింది. పైవరస గుడ్లు నల్లబడి, వాసన వేస్తున్నాయి. ఒక్కొక్కటీ తీసి గుడ్డ మీద పెట్టింది. గుట్ట పెరుగుతోంది. నేను చూడలేక సముద్రం వైపు చూశాను. “అమ్మా,” అని పిలిచింది. అడుగున, నీళ్లు అంతగా చేరని మూల, పెంకులు పగిలి ఉన్నాయి. పైనున్న ముద్ద ఇసుకను తోసుకుని రాలేక, ఒకదాని మీద ఒకటి పడి, గుప్పెడు పిల్లలు. ఒకటి మెడ ఎత్తింది.

వాటిని చీర కొంగులో వేసుకుంది. తడి ఇసుక దాకా తీసుకెళ్లి దించింది. మిగతా గోతుల పిల్లల్లా అవి పరుగెత్తలేదు. చాలాసేపు అలాగే ఉండి, ఒకటి కదిలితే ఇంకొకటి కదిలింది. అలలు ఒక్కొక్కదాన్నే తీసుకుపోయాయి. ఎన్ని బతుకుతాయని ఆమె అడగలేదు.

ఉదయ్ భాస్కర్ గారు గుంజల తాళ్లు విప్పసాగారు. పుణ్యవతి ఖాళీ గోతి దగ్గరికి వచ్చి, అలవాటుగా ఫోన్ తీసింది. ఉష్ణమాపకం ఇంకా గోతి అడుగున పడి ఉంది. తెర మీద నాలుగో అంకె ఇంకా వస్తోంది.

“ఇప్పుడిది ఎవలి ఏడి అమ్మా?”

“ఇసకది, పిన్నీ.”

కాసేపు ఆ అంకెనే చూసింది. తర్వాత గోతి అంచున కూర్చుని, చేతులతో ఇసుక లోపలికి తోస్తూ పూడ్చడం మొదలుపెట్టింది. వైరు తీసుకోవాలి, ఆగమని చెప్పాల్సింది. నేను చెప్పలేదు.